కాకిబంగారము, పలుగురాయి, గిటారు

గూడూరు అనగానే నిమ్మకాయల మార్కెట్టు, రేణిగుంటవైపు చీలిపోవు రైలుమార్గము, అభ్రకపు గనులు, ఈ మూడును జ్ఞప్తికి వచ్చును. తరతరములుగా నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాయందు చేర్చబడిన ఈ పట్టణమునకును, తీగలు మీటి స్పీకరులో మోగించు ఎలక్ట్రిక్ గిటారునకును ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. నాకును ఆ సంబంధము ఒక వార్షికోత్సవము నాటి రాత్రి వరకు తోచలేదు.

కొన్ని సంవత్సరముల క్రితము ఈ పట్టణములోని ఒక ఉన్నత పాఠశాల వార్షికోత్సవమునకు పోయితిని. పదవ తరగతి చదువుచున్న కుఱ్ఱవాడొకడు గిటారు వాయించుటకు వేదిక యెక్కెను. అతని గిటారులో తీగలు ఆనియుండు గుఱ్ఱము క్రింద పీజో పికప్పు అను సన్నని పట్టీ అమర్చబడి యున్నది. మైకుసెట్టు వారు దాని వైరును తెచ్చి తమ ఆంప్లిఫయరులో ఖాళీగానున్న రంధ్రమున దూర్చిరి. అతడు మీటెను. స్పీకరులలోనుండి వచ్చినది గిటారు నాదము కాదు; రేకుడబ్బాపై చీపురుపుల్లతో గీచినట్లు కీచుమని సన్నని ధ్వని. లావు తీగలు మీటినప్పుడు అదియును లేదు. మైకుసెట్టు వారు శబ్దము పెంచిరి. బుసబుసయను చప్పుడు పెరిగినదే కాని నాదము పెరుగలేదు. కుఱ్ఱవాడు సగములో దిగిపోయి, "ఇంటికాడ బాగా పలికింది సార్, నేను తప్పు వాయించలేదు సార్" అని కండ్లనీళ్ళు పెట్టుకొనెను. అతడు తప్పు వాయించలేదు. మైకుసెట్టు చెడిపోలేదు. గిటారును చెడిపోలేదు. మూడును సరిగనే యుండగా ఫలితమేల చెడినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న నూటనలుబది యేండ్ల చరిత్రను తడవవలెను. ఆ చరిత్రకు మొదట కావలసిన రాళ్ళు గూడూరు చుట్టుప్రక్కల గనుల గట్లపైననే పడియున్నవి.

గూడూరు నుండి సంగము వరకు సుమారు నూరు కిలోమీటర్ల పొడవున కొడవలి వంపుగా సాగిన నేలను భూగర్భశాస్త్రజ్ఞులు నెల్లూరు అభ్రకమేఖల అందురు. ఇచ్చట ప్రాచీనమైన రాళ్ళ పొరల మధ్యకు ఒకప్పుడు కరిగిన శిలాద్రవము చొచ్చుకొనివచ్చి, భూమి లోతులలో చల్లారినది. అందు స్ఫటికములు పెద్దవిగా పెరిగినవి. ఇట్టి శిలను పెగ్మటైటు అందురు. ఇందు ముఖ్యముగా మూడు ఖనిజములుండును: పొరలు పొరలుగా విడివడు అభ్రకము, తెల్లని పలుగురాయి, మాంసవర్ణము గాని తెలుపు గాని గల ఫెల్‌స్పారు. వీనితో బాటు నల్లని కడ్డీలవంటి టూర్మలీనును, గార్నెట్టు, బెరిలు మున్నగునవియు అక్కడక్కడ దొరకును. మన పల్లెవారు అభ్రకమును కాకిబంగారమందురు. మెరయునే కాని వెల లేనిదని ఆ పేరు పెట్టిరి కాబోలు. ఆ పేరు పెట్టినవారు విద్యుద్యుగమును చూచియుండలేదు.

పందొమ్మిదవ శతాబ్దము చివర పాశ్చాత్య దేశములలో విద్యుద్యంత్రములు పెరుగగా, వేడికి మాడక, విద్యుత్తును పోనీయక, కాగితము కన్న పలుచగా చీలు పదార్థము వారికి కావలసివచ్చినది. అట్టిది అభ్రకమొక్కటే. నెల్లూరు సీమయందు గనులు త్రవ్వుట ఆ కాలముననే ఆరంభమైనది. భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన టి. హెచ్. హాలెండు 1902లో భారతదేశపు అభ్రకనిధులను గూర్చి ప్రత్యేక గ్రంథమే ప్రకటించెను. ఇనికుర్తి గనిలో పది అడుగుల వెడల్పు గల అభ్రకపు దిమ్మెలు దొరకినవని వ్రాయబడి యున్నది. గనివారు ఆ దిమ్మెను పుస్తకము అందురు. పది అడుగుల పుస్తకమును ఊహించుకొనుడు! నెల్లూరు అభ్రకములో పచ్చనిఛాయ గల రకము ప్రసిద్ధమైనది. గూడూరు, సైదాపురము, కలిచేడు మున్నగు చోట్ల వేలకొలది జనము, ముఖ్యముగా స్త్రీలు, ఈ పొరలను విడదీయుచు జీవించిరి.

అభ్రకముకొరకు త్రవ్వునపుడు వచ్చిన పలుగురాయిని గనివారు ప్రక్కకు విసరివేసెడివారు. తెల్లగుట్టలవలె ఆ కుప్పలు నేటికిని కనబడును. పిల్లలు రెండు పలుగురాళ్ళను చీకటిలో రాచి వెలుగు చూచి ఆనందింతురు. ఇటీవలనే ఆ రాయికి గిరాకి వచ్చినది. అయినను మన కథకు నాయకుడు అభ్రకము కాదు, ఆ విసరివేయబడిన రాయియు, దాని ప్రక్క నల్లగా నిలిచిన టూర్మలీనును.

టూర్మలీను అను పేరు సింహళభాష నుండి వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దారంభమున డచ్చి వర్తకులు సింహళమునుండి ఈ రాళ్ళను తీసికొనిపోయి, వేడి నివురులో పెట్టినప్పుడు ఇవి బూడిదను ఆకర్షించుట గమనించి, బూడిదలాగుడు రాయి అని పేరిడిరి. కొంతసేపు బూడిదను లాగి, పిదప విసరివేయుట వింతగా నుండెను. ఈ ఆకర్షణ విద్యుత్తు వలననే కలుగుచున్నదని 1756లో ఈపినస్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. వేడిచేసిన స్ఫటికముపై విద్యుదావేశము పుట్టు ఈ ధర్మమునకు 1824లో బ్రూస్టరు ఉష్ణవిద్యుత్తు అని అర్థమిచ్చు గ్రీకు పేరు పెట్టెను.

వేడి విద్యుత్తును పుట్టింపగలిగినచో ఒత్తిడి పుట్టింపలేదా? ఈ ప్రశ్న పలువురకు తోచినది. కొందరు ప్రయత్నించి సరియైన ఫలితము పొందలేకపోయిరి. 1880లో పారిస్ నగరమున ఇద్దరు అన్నదమ్ములు దీనిని సాధించిరి. వారు జాక్ క్యూరీ, పియర్ క్యూరీ. తమ్ముడగు పియరునకు అప్పటికి 21 ఏండ్లు. వారి పరికరములు మన పాఠశాల ప్రయోగశాలకు మించినవి కావు: స్ఫటికములు, కోయుటకు రంపము, అంటించుటకు తగరపు రేకు, జిగురు, విద్యుదావేశమును కొలుచుటకు ఎలక్ట్రోమీటరు. పరికరములు సామాన్యములైనను ఆలోచన సామాన్యమైనది కాదు. ఏ స్ఫటికమును ఏ దిక్కున కోయవలెనో వారు స్ఫటికముల సౌష్ఠవమునుబట్టి ముందుగనే నిర్ణయించుకొనిరి. టూర్మలీను, పలుగురాయి, పుష్యరాగము, చెరకు పంచదార, రోషెలు లవణము మొదలగు వానియందు ఒత్తిడి వలన విద్యుదావేశము పుట్టుట వారు చూపిరి. దీనికి పీజో విద్యుత్తని పేరు వచ్చినది. గ్రీకు భాషలో పీజో అనగా నొక్కుట. మనము పీడన విద్యుత్తు అనవచ్చును. మరుసటి సంవత్సరము గాబ్రియేల్ లిప్‌మన్, ఇది నిజమైనచో విద్యుత్తును ప్రయోగించినపుడు స్ఫటికము ఆకారము మారవలెనని గణితమూలముగా చెప్పగా, ఆ సోదరులు దానినిగూడ ప్రయోగముచే ఋజువు చేసిరి.

ఉపాధ్యాయ మిత్రులు ఇచ్చట ఒక చక్కని పాఠము చెప్పవచ్చును. బల్లపై షడ్భుజి నొకదానిని గీయుడు. ఆరు మూలలందు ధనావేశము, ఋణావేశము ఒకదాని తరువాత ఒకటిగా గుర్తు పెట్టుడు. మూడు ధనావేశముల మధ్యబిందువును, మూడు ఋణావేశముల మధ్యబిందువును ఒక్కచోటనే యుండును; కావున బయటికి విద్యుత్తు తెలియదు. ఇప్పుడొక ధనావేశపు మూలను, దాని కెదురుగానున్న ఋణావేశపు మూలను దగ్గరకు నొక్కుడు. ఆ రెండు మధ్యబిందువులును ఒకదానినుండి ఒకటి తొలగిపోవును. ఒక ముఖముపై ధనావేశము, ఎదుటి ముఖముపై ఋణావేశము కనబడును. పలుగురాయిలో సిలికాను, ఆక్సిజను పరమాణువులు ఇంచుమించు ఈ రీతిగనే కూర్చబడి యున్నవి. మరి అభ్రకమును నొక్కినచో విద్యుత్తు రాదా? రాదు. దాని నిర్మాణమునకు సౌష్ఠవకేంద్రము కలదు. ఒక దిక్కున ఎంత తొలగునో ఎదురు దిక్కున అంతయే తొలగి సరిపోవును. ఒకే గనిలో ప్రక్కప్రక్కన పుట్టిన రెండు రాళ్ళలో ఒకటి విద్యుత్తును పుట్టించుటకును, రెండవది విద్యుత్తును ఆపుటకును పనికివచ్చుట ఈ సౌష్ఠవభేదము వలననే.

అయితే పలుగురాయి ఇచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. ఒక న్యూటన్ బలమునకు సుమారు 2.3 పికోకూలుములు మాత్రమే. పికో అనగా లక్షకోట్లలో ఒక వంతు. అయినను ఆ స్వల్పమే ఒక గొప్ప పనికి సాధనమైనది. 1898లో మేరీ క్యూరీ రేడియోధార్మిక పదార్థములు పుట్టించు అత్యల్ప విద్యుత్ప్రవాహమును కొలిచినది ఆ సోదరుల పలుగురాయి పరికరముతోనే. మొదటి ప్రపంచయుద్ధకాలమున పాల్ లాంజివిన్ పలుగురాతి పలకలచే నీటిలో అతిధ్వనులను పుట్టించి జలాంతర్గాములను కనిపెట్టు మార్గము చూపెను. తరువాత రేడియో కేంద్రముల పౌనఃపున్యమును నిలుకడగా నుంచుటకు, గడియారములు నడుపుటకు పలుగురాతి బిళ్ళలు వచ్చినవి. ఈ కథ విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదివినదే కనుక దానిని ఇంతటితో వదలి సంగీతమునకు వత్తము.

సంగీతమునకు మొదట ఉపకరించినది పలుగురాయి కాదు, రోషెలు లవణము. ఇది ఫ్రాన్సులోని లా రోషెల్ పట్టణమున పదునేడవ శతాబ్దమున విరేచనకారిగా తయారైన మందు! దీని పీడనవిద్యుత్తు పలుగురాయి కన్న అనేకరెట్లు అధికము. 1930 దశాబ్దమున అమెరికాలో దీని స్ఫటికములను పెంచి గ్రామఫోను పికప్పులును, మైకులును చేసిరి. ముల్లు రికార్డు గాడిలో కదలునపుడు స్ఫటికము మెలిపడి విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును వాల్వు ఆంప్లిఫయరు పెంచి స్పీకరునకిచ్చును. మన దేశములోని రేడియోగ్రాములందును ఇట్టి క్రిస్టల్ పికప్పులు వాడబడినవి. కాని విరేచనపు మందునకు మన సీమ పడలేదు. ఆ లవణము తేమను పీల్చి కరుగును, ఎండలో నీరు కోల్పోయి పొడియగును, సుమారు 55 డిగ్రీల వేడికి నాశనమగును. కోస్తా ఊళ్ళ ముసురులోను, రోహిణికార్తె ఎండలో మూసిన పెట్టెలోను దాని గతి యేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ లోపమును తీర్చినది పింగాణి. రెండవ ప్రపంచయుద్ధకాలమున బేరియం టైటనేటు అను పదార్థపు అద్భుత గుణములు అమెరికా, రష్యా, జపాను దేశములలో విడివిడిగా బయటపడినవి. దానిని పింగాణివలె కాల్చి, బలమైన విద్యుత్ క్షేత్రములో ఉంచి తీసినచో ఆ ముద్ద యావత్తు పీడనవిద్యుత్తు నిచ్చునని యుద్ధానంతరము తెలిసినది. 1954లో బెర్నార్డ్ జాఫే, సీసము, జిర్కోనియము, టైటానియము గల మరియొక పింగాణిని ప్రకటించెను. పి.జెడ్.టి. అని పిలువబడు ఈ పదార్థము న్యూటన్ ఒక్కింటికి కొన్ని వందల పికోకూలుము లిచ్చును. తేమకు చెడదు, ఎండకు చెడదు. నేడు వంటయింటి గ్యాసు లైటరులో టక్కుమని నిప్పురవ్వ పుట్టించునదియు, గిటారు గుఱ్ఱము క్రింద దాగియుండునదియు ఈ జాతి పింగాణియే.

తీగవాద్యములకు విద్యుత్తు తగిలించుటలో మొదటి విజయము మాత్రము పీజోది కాదు, అయస్కాంతముది. 1931-32 ప్రాంతమున అమెరికాలో జార్జి బోషాం, రికెన్‌బాకరు అనువారు అయస్కాంతముపై సన్నని రాగితీగను చుట్టి గిటారు తీగల క్రింద పెట్టిరి. ఇనుపతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము మారి చుట్టలో విద్యుత్తు పుట్టును. ఎలక్ట్రిక్ గిటారు లోకమంతటను వ్యాపించినది దీనిచేతనే. కాని ఈ పికప్పునకు ఇనుమే వినబడును. కొయ్య వినబడదు, ఇత్తడి వినబడదు. మన వీణను తీసికొనుడు. సారణి, పంచమములు ఉక్కు తీగలైనను, మంద్ర, అనుమంద్రములకు ఇత్తడి తీగలు వాడు సంప్రదాయము కలదు. బొబ్బిలిలో పనసకొయ్యను తొలిచి చేసిన కుండయొక్క గంభీరనాదము ఇనుపతీగ కదలికలో మాత్రమే లేదు. అందుచేతనే వీణ విద్వాంసులలో పలువురు కుండపై అంటించు కాంటాక్ట్ మైకును ఆశ్రయించిరి. అది గాలిని వినదు, కొయ్యను వినును.

విద్యుత్తు మన సంగీతమును పాడుచేయునని పెద్దలు కొందరు భయపడిరి. వారికి సమాధానము చెప్పినవాడు పాలకొల్లున 1969లో పుట్టిన బాలుడు, ఉప్పలపు శ్రీనివాస్. మాండొలిన్ తీగ మీటగనే ధ్వని క్షణములో ఆరిపోవును. దీర్ఘమైన గమకము పలుకుటకు వ్యవధి చాలదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ చేతబట్టి, నాలుగు జంటతీగలకు మారు అయిదు ఒంటితీగలు వేసికొని, ఆంప్లిఫయరు సహాయమున నాదమును నిలిపి కర్ణాటక రాగములను వాయించెను. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవములందు తొలి కచేరి చేసి, 1981లో మద్రాసు రసికులను మెప్పించి, 1998లో పద్మశ్రీ పొందెను. 2014లో చిన్నవయసుననే పరమపదించెను. ఆంప్లిఫయరు కేవలము శబ్దమును పెంచు పెట్టె కాదనియు, వాద్యములో ఒక అంగమనియు ఆయన చేతి వాద్యము ఋజువు చేసినది. నా మట్టుకు నాకు ఈ విషయమున ఇంతకన్న బలమైన సాక్ష్యము అక్కరలేదు.

గిటారు గుఱ్ఱము క్రింద పీజోను పెట్టుట 1960 దశాబ్దపు చివరి భాగమున అమెరికాలో ఒవేషన్ మొదలగు వారి వాద్యములతో ప్రచారమునకు వచ్చినది. 1993లో కెన్ పార్కరు, లారీ ఫిష్‌మన్ అనువారు నిర్మించిన పార్కర్ ఫ్లై అను గిటారులో అయస్కాంతపు పికప్పులును, గుఱ్ఱమున పీజోలును రెండును చేర్చబడినవి. ఒకే వాద్యములో రెండు గొంతుకలు! అయితే ఆ రెండు గొంతుకల స్వభావము వేరు. గూడూరు వేదికపై మన కుఱ్ఱవాడు ఓడిపోయినది ఈ భేదము తెలియకపోవుట వలననే.

పీజో పికప్పు ఒక చిన్న చెంబు వంటిది. నొక్కినపుడల్లా అందులో కొంచెము ఆవేశము చేరును. ఈ చెంబు పరిమాణమును ధారిత, అనగా కెపాసిటీ అందురు. గిటారు గుఱ్ఱము క్రింది పట్టీకి ఇది సుమారు 1 నానోఫారడ్ ఉండును. 300 పికోకూలుముల ఆవేశము చేరినపుడు దీనియందు 0.3 వోల్టు ఏర్పడును. ఇది మంచి వోల్టేజియే. మైకు ఇచ్చుదానికన్న చాల ఎక్కువ. కాని ఆంప్లిఫయరు వైరు తగిలించుట యనగా ఈ చెంబునకు రంధ్రము చేయుట. ఆంప్లిఫయరు ప్రవేశద్వారమున నుండు నిరోధము ఎంత తక్కువయో రంధ్రము అంత పెద్దది. తీగ మెల్లగా కంపించినచో, ఒక కంపనము పూర్తియగు లోపలనే ఆవేశము కారిపోవును. వేగముగా కంపించినచో, కారిపోవులోగా మరల నింపబడును. కావున మంద్రస్వరములు పోయి, తారస్థాయి కీచులు మిగులును.

లెక్క వేసి చూతము. ధారితను నిరోధముచే గుణించి, 6.28 చే గుణించి, ఒకటిని దానిచే భాగించినచో ఒక పౌనఃపున్యము వచ్చును. అంతకు దిగువనున్న స్వరములు క్రమముగా క్షీణించునని గుర్తు. మైకుసెట్టు ఆంప్లిఫయరులో ఆ రంధ్రపు నిరోధము 10 కిలో ఓములనుకొందము. 1 నానోఫారడ్‌తో ఈ హద్దు ఇంచుమించు 15,900 కంపనములకు పోవును! గిటారు లావుతీగ సెకనుకు 82 కంపనములు చేయును. ఆ స్వరములో దాదాపు 190వ వంతు మాత్రమే లోపలికి పోవును. 330 కంపనముల సన్నతీగలో 48వ వంతు పోవును. సెకనుకు 3000 కంపనములుగల కీచు ఉపస్వరములలో మాత్రము అయిదవ వంతుకు కొంచెము తక్కువగా చేరును. ఆ రాత్రి మనము విన్న రేకుడబ్బా ధ్వని ఇదియే. ఇప్పుడు నిరోధమును 1 మెగా ఓము చేసినచో హద్దు 159 కంపనములకు దిగును. లావుతీగలో ఇంచుమించు సగము దక్కును. 10 మెగా ఓములు చేసినచో హద్దు 16 కంపనములు. నూటికి 98 పాళ్ళు దక్కును. ఇంటివద్ద "బాగా పలికిన" ఆంప్లిఫయరు గిటారు కొరకే చేసినది. అట్టివాని ప్రవేశ నిరోధము సామాన్యముగా 1 మెగా ఓము ప్రాంతమున నుండును.

అయస్కాంతపు పికప్పు సంగతి వేరు. అది కొన్ని కిలో ఓముల నిరోధము, కొన్ని హెన్రీల ప్రేరకత్వము గల రాగిచుట్ట. దానికి పొడవైన వైరు తగిలించినచో కీచుస్వరములు పోవును. పీజోకు అట్లుగాదు. వైరునకు మీటరు ఒక్కింటికి సుమారు 100 పికోఫారడ్ల ధారిత యున్నచో, అయిదు మీటర్ల వైరు 500 పికోఫారడ్లు చేర్చును. చెంబు నీరు పెద్ద చెంబులో పోసినట్లు వోల్టేజి మూడింట రెండువంతులకు తగ్గును. స్వరముల పాళ్ళు మాత్రము చెడవు. ఒకే వైరు ఇద్దరియెడల రెండు తీరుల ప్రవర్తించుట చూచితిరా!

ఈ రంధ్రపు సమస్య చరిత్రలో ఒకసారి తీరి, మరల పుట్టినది. వాల్వు ఆంప్లిఫయరులో గ్రిడ్డు అను తీగవల దాదాపు విద్యుత్తునే తీసికొనదు. దాని ముందు 1 మెగా ఓము నిరోధము పెట్టుట సులభము. క్రిస్టల్ పికప్పులు వాల్వు రేడియోలతో అంత చక్కగా జతపడుటకు కారణమిదే. 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు పుట్టినది. చిన్నది, చల్లనిది, చవుకైనది. కాని తొలినాటి ట్రాన్సిస్టరు సర్క్యూటుల ప్రవేశ నిరోధము తరచుగా కొద్ది కిలో ఓములే. కొత్త యంత్రమునకు పాత పికప్పు తగిలించినవారు మంద్రస్వరములు పోయినవని ఆశ్చర్యపడిరి. ప్రగతియను మాటలో ఇట్టి తిరోగమనములును ఇమిడియుండును. షాక్లే 1952లో సూచించిన క్షేత్రప్రభావ ట్రాన్సిస్టరు, అనగా ఫెట్, వాల్వు గ్రిడ్డువలె విద్యుత్తును తీసికొనదు. అది వాడుకలోనికి వచ్చిన పిదపనే పీజోకు ట్రాన్సిస్టరు యుగములో మరల మర్యాద దక్కినది. నేటి గిటారులందు ప్రక్కన బ్యాటరీ పెట్టు అర యుండునే, దానిలోని ప్రీయాంప్లిఫయరు చేయు మొదటిపని శబ్దము పెంచుట కాదు. చెంబునకు రంధ్రము లేకుండ నీటిమట్టమును చూచి చెప్పుట.

మరి గూడూరు అభ్రకము? అది మొదటినుండి ఆంప్లిఫయరులోనే కూర్చున్నది. వాల్వు గాజుబుడ్డిలోనికి తొంగిచూచినచో, గ్రిడ్డును, ప్లేటును కదలకుండ పట్టియుంచు పలుచని తెల్లబిళ్ళలు అభ్రకపువే. విలియం డుబిలియరు 1909లో అభ్రకపు పొరలతో చేసిన కండెన్సరులు మొదట తంతిరహిత వార్తాయంత్రములకును, పిదప రేడియోలకును ప్రాణమైనవి. ట్రాన్సిస్టరులు వచ్చినప్పుడు, పెద్ద లోహపుటోపీవంటి పవరు ట్రాన్సిస్టరునకును, దాని వేడి తీసికొను అల్యూమినియము రెక్కలకును నడుమ పలుచని అభ్రకపు రేకు ఉంచిరి. అది వేడిని పోనిచ్చును, విద్యుత్తును పోనీయదు. ఊరూర పెండ్లిపందిళ్ళలో మ్రోగిన మైకుసెట్లలో ఆ రేకులు ఎన్ని యున్నవో! వాల్వులు వెనుకబడి, ఇతర పదార్థములు వచ్చి, గనులు ఒకటొకటిగా మూతపడినవి. పొరలు విడదీసి బ్రదికిన కుటుంబములు వేరుపనులు వెదకుకొనిరి. లోకమునకు ధ్వని పెంచిన ఆ చేతులను గూర్చి వినబడినది తక్కువ.

ఇక అయస్కాంతపు పికప్పు, పీజో రెండును గల గిటారును తగిలించు విధము. గిటారు ఆంప్లిఫయరుల స్పీకరు సామాన్యముగా 5000 కంపనములకు పైన బాగుగా పలుకదు. అయస్కాంతపు పికప్పునకు అదియే అందము. పీజోకు మాత్రము గానమునకు వాడు పూర్తిస్థాయి ఆంప్లిఫయరు మేలు. కావున రెండింటిని రెండు ఆంప్లిఫయరులకు పంపుదురు. అప్పుడు 50 కంపనముల గుయ్‌మను హమ్ము పుట్టవచ్చును. రెండు యంత్రములు రెండు ప్లగ్గుల ద్వారా భూమికి కలిసి, గిటారు వైరు ద్వారా ఒకదానితో ఒకటి కలిసి వలయమేర్పడుటయే దానికి కారణము. కొందరు హమ్ము పోవుటకై ప్లగ్గులోని భూమి తీగను పీకివేయుదురు. ఇది ప్రాణాపాయము. యంత్రములో లోపమేర్పడినచో 230 వోల్టులు వాయించువాని వ్రేళ్ళకు వచ్చును. ట్రాన్సుఫార్మరు గల వేర్పాటుపెట్టెను ఒక వైరులో పెట్టినచో హమ్ము పోవును, భూమి తీగ నిలుచును. మైకుసెట్టునకు కలుపుటకు డి.ఐ. బాక్సు కొనువారు, ప్రీయాంప్లిఫయరు లేని పీజోకు బ్యాటరీతో నడచునదియే అడుగవలెను. ఉత్త ట్రాన్సుఫార్మరు రకముల ప్రవేశ నిరోధము ఈ పనికి చాలదు.

విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. పాత బజ్జరునుండి ఇత్తడిబిళ్ళపై తెల్లని పింగాణి అంటించియున్న పీజోను తీసికొనుడు. 27 మిల్లీమీటర్ల బిళ్ళ ధారిత సుమారు 20 నానోఫారడ్లు. దానిని ఏదేని తీగవాద్యపు కొయ్యకు అంటించి, కవచముగల వైరుతో 1 మెగా ఓము ప్రవేశ నిరోధముగల ఆంప్లిఫయరునకు కలుపుడు. పిదప బిళ్ళ రెండు కొసల నడుమ మొదట 100 కిలో ఓముల నిరోధమును, తరువాత 10 కిలో ఓముల నిరోధమును తగిలించి వినుడు. హద్దు మొదట 8, పిదప 80, ఆ పిదప 800 కంపనముల ప్రాంతమునకు జరుగును. మూడవమారు మంద్రతీగ చచ్చిపోవుట చెవికే తెలియును. బిళ్ళను మాత్రము సుత్తితో కొట్టరాదు; పుట్టు అధిక వోల్టేజి ఆంప్లిఫయరును చెరచును.

ఆ వార్షికోత్సవము జరిగిన వేసవిలో నేనును ఆ కుఱ్ఱవాడును కూర్చుండి ఫెట్ ఒకటి, 10 మెగా ఓముల నిరోధమొకటి, మరి రెండుమూడు చిన్న సామానులు, 9 వోల్టుల బ్యాటరీ చేర్చి, హమ్ము చొరకుండ రేకుడబ్బీలో బిగించితిమి. డబ్బీ వాళ్ళ అవ్వ వక్కపొడి పెట్టుకొనునది. కండెన్సరు కొరకు నేను వెదకుచుండగా అతడు నా సామానుపెట్టె నుండి పాత రేడియోకు చెందిన ఎఱ్ఱని బిళ్ళ నొకదానిని తీసి, "ఇదేంది సార్?" అని అడిగెను. అది అభ్రకపు కండెన్సరు. దాని ధారిత మా పనికి చాలదు కనుక వేరొకటి వేసితిమి. కాని దానిని వాడు తిరిగి ఇయ్యలేదు. "మా అవ్వ చిన్నప్పుడు సైదాపురం గనిలో ఈ రేకులే చీల్చేది సార్, ఆమెకి చూపిస్తా" అని జేబులో వేసికొని పోయెను. మరుసటి సంవత్సరము అదే మైకుసెట్టు, అదే గిటారు, నడుమ వక్కపొడి డబ్బీ. లావుతీగ మీటినపుడు ముందు వరుసలోని ఇనుప కుర్చీలు సన్నగా అదరినవి.